కారు పోయిన మొదటి గంటలో జీపీఎస్ ఎంతవరకు పనికొస్తుంది?

మీరు అడిగింది ఇది. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చోటు లేక కారు వీధిలో పెడుతున్నారు. ఈమధ్య అదే వీధిలో ఒక క్రెటా పోయింది. మీది 2021 మోడల్. కంపెనీ యాప్ ఉంది కానీ ఉచిత గడువు అయిపోయింది. దాన్ని రెన్యూ చేయించుకోవాలా, ఆన్‌లైన్‌లో పదిహేను వందలకు దొరికే జీపీఎస్ బిగించుకోవాలా, లేక సీటు కింద ఒక ఎయిర్‌ట్యాగ్ (ఆపిల్ అమ్మే చిన్న ట్రాకింగ్ బిళ్ల) పడేస్తే సరిపోతుందా? విజయవాడ ఆటోనగర్‌లో మొదట లారీలకు, ట్రావెల్స్ బండ్లకు, ఇప్పుడు ఎక్కువగా సొంత కార్లకు జీపీఎస్ బిగించే పని నాది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. కంపెనీ యాప్ రెన్యూ చేయించుకోండి. దానికి తోడు కారు వైర్లతో సంబంధం లేని చిన్న బ్యాటరీ ట్రాకర్ ఒకటి లోపల దాచండి. ఆ పదిహేను వందల జీపీఎస్ మీకు అవసరం లేదు. అయితే ఇవన్నీ పెట్టుకున్నా, రాత్రి మూడింటికి కారు కదిలినప్పుడు మీ ఫోన్ మోగకపోతే పెట్టిన డబ్బు దండగే. కారు కదలడానికీ మీరు మంచం దిగడానికీ మధ్య ఎంతసేపు పట్టిందన్నదే ఈ వ్యవహారంలో అసలు లెక్క.

ఎందుకంటే ఇప్పుడు దొంగతనం జరిగే తీరు మారింది. అద్దం పగలగొట్టి, స్టీరింగ్ కింద వైర్లు కలిపి స్టార్ట్ చేసే కాలం పోయింది. ఇప్పటి కార్ల తాళంచెవిలో చిప్ ఉంటుంది, అది లేకుండా ఇంజిన్ అందుకోదు. అందుకే ఆరితేరిన ముఠాలు లోపలికి దూరి, మెకానిక్‌లు స్కానర్ పెట్టే ఓబీడీ పోర్టుకే తమ పరికరం తగిలించి, కొత్త తాళంచెవిని కారుకు పరిచయం చేస్తాయి. కారు మామూలుగానే స్టార్ట్ అవుతుంది, మామూలుగానే వీధి దాటుతుంది. చూసినవాడికి కూడా అనుమానం రాదు. ఆ తర్వాత చాలామంది నేరుగా రాష్ట్రం దాటించరు. ఆసుపత్రి పార్కింగ్‌లోనో, జనం పెద్దగా లేని కాలనీలోనో ఒకటి రెండు రోజులు వదిలేసి దూరం నుంచి గమనిస్తారు. ఓనరో పోలీసులో వస్తే అందులో ట్రాకర్ ఉన్నట్టు. ఎవరూ రాకపోతే నంబర్ ప్లేట్ మార్చి అసలు ప్రయాణం మొదలుపెడతారు. ట్రాకర్ పనిచేస్తూ ఉండి మీరు మేలుకుంటే మీకున్న అవకాశం ఈ మధ్య సమయంలోనే.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కథ ఒకటే. జీపీఎస్ ఉంది, అలర్ట్ కూడా వచ్చింది, ఫోన్ సైలెంట్‌లో ఉంది, పొద్దున పాలప్యాకెట్ తెచ్చుకోవడానికి కిందికి దిగినప్పుడు చూశారు. అప్పటికి దొంగలు జీపీఎస్ బాక్స్ పీకి కాలవలో పడేసి ఉంటారు. కాబట్టి ఏ సర్వీసు తీసుకున్నా మొదట అడగాల్సింది ఒక్కటే: ఇగ్నిషన్ ఆన్ అయితే నోటిఫికేషన్ వస్తుందా, ఫోన్ కాల్ వస్తుందా? కొన్ని సర్వీసుల్లో రాత్రిపూట పార్కింగ్ మోడ్ పెడితే కారు కదలగానే ఆటోమేటిక్ కాల్ వస్తుంది. ఆ నంబర్‌ను ఫోన్‌లో సేవ్ చేసి, సైలెంట్‌లో ఉన్నా మోగేలా పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరి నంబర్ కూడా ఇవ్వండి. కాల్ సౌకర్యం లేకపోతే ఆ యాప్ నోటిఫికేషన్‌కు విడిగా గట్టి రింగ్‌టోన్ పెట్టి, డు నాట్ డిస్టర్బ్ దాటి వచ్చేలా పర్మిషన్ ఇవ్వండి. పవర్ కట్ అలర్ట్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. కారు బ్యాటరీ వైర్‌ను దొంగ పీకాడన్న సంగతి మీకు ఆ క్షణమే తెలియాలి, తెల్లారాక కాదు.

ఇక పరికరం సంగతి. చాలామంది శాటిలైట్ మన కారును చూస్తుంటుందని అనుకుంటారు. శాటిలైట్‌కు మీ కారు సంగతే తెలియదు. అది పంపే సిగ్నల్ అందుకుని, తానెక్కడుందో బాక్సే లెక్కగడుతుంది. ఆ లెక్కను సిమ్ ద్వారా సర్వర్‌కు పంపుతుంది. అంటే పైన ఆకాశం కనిపించాలి, మొబైల్ నెట్‌వర్క్ ఉండాలి, కరెంట్ ఉండాలి. మూడింటిలో ఏది తెగినా మ్యాప్ మీద చుక్క ఆగిపోతుంది. సెల్లార్‌లోకి వెళ్తే జీపీఎస్ అందదు, అప్పుడు మంచి బాక్స్ అయితే దగ్గరి సెల్ టవర్‌ను బట్టి అంచనా ఇస్తుంది. ఆ అంచనా వందల మీటర్లు, ఊరి బయటైతే కిలోమీటర్లు కూడా తేడా రావచ్చు. చుక్క చూపించిన ఇంటి తలుపు తట్టి గొడవ పెట్టుకోకండి.

మూడింటిలో అసలు బలహీనమైనది సిమ్. రీఛార్జ్ అయిపోయి ఆగిపోయిన జీపీఎస్‌లే నేను ఎక్కువగా చూశాను. అప్పుడు డబ్బు పెట్టి బిగించుకున్న పెద్దమనిషికి అది ఆరు నెలలుగా పనిచేయడం లేదన్న సంగతే తెలియదు. మీరే సొంతంగా సిమ్ వేసుకునే చైనా బాక్సుల్లో ఇది మరీ ఎక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. చౌక బాక్సులు చాలావరకు 2జీ మీద నడుస్తాయి, జియోకు 2జీ లేనే లేదు. అందులో జియో సిమ్ వేసి పనిచేయడం లేదని తిట్టుకునేవాళ్లు వస్తూనే ఉంటారు. కొనేటప్పుడు 4జీ ఉన్నదే కొనండి, నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నచోట 2జీకి మారగలిగితే ఇంకా మంచిది. 2022లో అమెరికాలో 3జీ ఆపేసినప్పుడు అక్కడ పాత కార్లలో కంపెనీ బిగించిన కనెక్టెడ్ సర్వీసులు చాలా వాటికవే చచ్చిపోయాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సెకండ్‌హ్యాండ్ కారు కొనే మనవాళ్లు కూడా ఇది చూసుకోవాలి. డీలర్ చూపించే బటన్ ఉంటుంది, దాని వెనక నెట్‌వర్క్ ఉండదు. సర్వీసు కంపెనీ ఇచ్చే పదమూడు అంకెల ఎం2ఎం సిమ్ (మనుషులకు కాక పరికరాలకు ఇచ్చే సిమ్) అయితే రీఛార్జ్ బాధ వాళ్లది. ఏటా కట్టే చందా ఎక్కువనిపించినా, నెలకోసారి రీఛార్జ్ గుర్తుపెట్టుకునే బాధ ఉండదు.

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అక్కడ 1986లో మసాచుసెట్స్‌లో మొదలైన లోజాక్ అనే పద్ధతికి జీపీఎస్‌తో పనే లేదు. కారులో దాచిన రేడియో పరికరం సిగ్నల్ ఇస్తే, పోలీసు కార్లలో బిగించిన రిసీవర్ దాన్ని పట్టుకుంటూ వెళ్లేది. గ్యారేజీలో దాచినా దొరికేది. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. ఇక్కడ చుక్కను చూసేది మీరు, వెళ్లాల్సింది పోలీసులు. ఈ మధ్యలో ఉన్న ఖాళీని ఫోన్లతో మీరే పూరించుకోవాలి. కింద స్టేషన్ సంగతి విడిగా రాస్తున్నది అందుకే.

కంపెనీ యాప్‌ల గురించి. 2019లో వెన్యూతో హ్యుందాయ్ బ్లూలింక్ వచ్చాక కియా, ఎంజీ, టాటా, మారుతి, అందరూ ఏదో ఒక కనెక్టెడ్ సర్వీసు ఇస్తున్నారు. వీటి బలం ఏమిటంటే యూనిట్ కారు వైరింగ్‌లోనే భాగం, వారంటీ గొడవ రాదు, కొన్ని మోడళ్లలో కాల్ సెంటర్ నుంచే కారు మళ్లీ స్టార్ట్ కాకుండా చేయగలరు. బలహీనత ఏమిటంటే ఆ యూనిట్ ఎక్కడుంటుందో, ఏ ఫ్యూజ్ తీస్తే ఆగుతుందో ఆ మోడల్‌నే ఎంచుకుని తిరిగే దొంగకు తెలుసు. అందుకే ఇంకోటి కావాలంటున్నాను. రెన్యూ చేసేటప్పుడు కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి, కారు పోతే ట్రాక్ చేయడానికి మీకేం కావాలి అని అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ కావాలంటారా, రిజిస్టర్డ్ నంబర్ నుంచి కాల్ చాలంటారా అనేది రాత్రి మూడింటికి తెలుసుకునే విషయం కాదు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కారు అయితే పాత ఓనర్ అకౌంట్ తీయించారో లేదో చూసుకోండి. కారు మీది, దాని చుక్క ఇంకొకరి ఫోన్‌లో ఉన్న కేసులు ఉన్నాయి.

రెండో ట్రాకర్ ఎందుకు బ్యాటరీది అంటున్నానంటే, వైర్ జీపీఎస్ బిగించేవాళ్లందరం దాదాపు ఒకేచోట బిగిస్తాం. స్టీరింగ్ కింద, ఫ్యూజ్ బాక్స్ పక్కన. పని తేలిక. దొంగ చెయ్యి కూడా ముందు అక్కడికే పోతుంది. ఓబీడీ పోర్టుకు తగిలించేవైతే వాడికి వెతికే శ్రమ కూడా ఉండదు. బ్యాటరీ ట్రాకర్‌కు వైరే ఉండదు కాబట్టి వైర్ పట్టుకుని వెతికినా దొరకదు. దాన్ని రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే నిద్రలేచేలా సెట్ చేస్తే బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. మిగతా సమయమంతా సిగ్నల్ పంపదు, అందుకని సిగ్నల్ పట్టే డిటెక్టర్లకూ చిక్కదు. లైటర్ సాకెట్‌లో సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ పెట్టి కారు తోలుకుపోయినా, ఎక్కడో ఆపి జామర్ తీసేశాక ఇది లేచి ఒక చుక్క పంపిస్తుంది. (అనుమతి లేకుండా జామర్ వాడటమే మన దేశంలో నేరం, కారు దొంగకు ఆ లెక్క ఉండదు.) పైన చెప్పిన ఆ ఒకటి రెండు రోజుల సమయానికి సరిగ్గా సరిపోయే వస్తువు ఇది.

ఎక్కడ దాచాలన్నది మీ ఇష్టం, నేను రాయను. రెండు సంగతులు మాత్రం చెబుతాను. ప్లాస్టిక్, ఫోమ్, గుడ్డ వెనక జీపీఎస్ పనిచేస్తుంది. ఇనుప రేకు వెనక పనిచేయదు. రెండోది మన ఎండ. మే నెలలో అద్దాలెక్కించి ఎండలో వదిలిన కారు డ్యాష్‌బోర్డ్ ఎంత కాలుతుందో చెయ్యి పెట్టినవాళ్లకు తెలుసు. ఎయిర్‌ట్యాగ్‌కు ఆపిల్ చెప్పే గరిష్ఠ ఉష్ణోగ్రత 60 డిగ్రీలు. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డ్ ఆ గీత దాటేస్తుంది. లిథియం బ్యాటరీ ఉన్న ట్రాకర్లు వేడికి ఉబ్బుతాయి. డ్యాష్‌బోర్డ్ పైభాగం, వెనక అద్దం కింద ఉండే అర వద్దు. కిందిభాగంలో, నీడలో ఉండేచోటు చూడండి.

ఎయిర్‌ట్యాగ్ గురించి అడిగారు కాబట్టి: అందులో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. పక్కనుంచి ఎవరి ఐఫోన్ పోతే దాని ద్వారా తన జాడ చెబుతుంది. హైదరాబాద్‌లో మాల్ పక్కన బాగానే పనిచేస్తుంది, నల్లమల దారిలో అక్కడ ఐఫోన్ ఉన్నవాడు వచ్చేదాకా నోరు విప్పదు. పైగా ఎవరినీ రహస్యంగా వెంబడించకూడదని, తనది కాని ట్యాగ్ వెంట వస్తుంటే ఫోన్ హెచ్చరిస్తుంది. ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇదే. అంటే కొంతసేపటికి దొంగకే కబురు అందుతుంది. ఖర్చు తక్కువ కాబట్టి మూడోదిగా పెట్టుకుంటే తప్పులేదు. దాన్నే నమ్ముకోకండి.

ఇంజిన్ కట్ రిలే (దూరం నుంచి ఇంజిన్‌కు కరెంట్ తెంచే స్విచ్) అమ్మేవాళ్లు యాప్‌లో బటన్ నొక్కితే కారు ఆగిపోతుందని వీడియోలు చూపిస్తారు. పరుగెత్తే కారుకు ఇంజిన్ ఆపేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది, రెండుమూడుసార్లు తొక్కాక బ్రేక్ గట్టిపడుతుంది. లోపలున్నది దొంగే కావచ్చు, ఎదురుగా వచ్చే స్కూటర్ మీద ఉన్నది దొంగ కాదు. బిగించుకుంటే, కారు ఆగాక మళ్లీ స్టార్ట్ కాకుండా చేసే పద్ధతినే బిగించుకోండి. స్టార్టర్ లైన్‌లో పెట్టిన రిలే ఆ పని చేస్తుంది. ఇంకా వారంటీలో ఉన్న కారు అయితే షోరూమ్‌ను అడగకుండా ఏ వైరూ కోయనివ్వకండి. వైరింగ్ కోసినట్టు కనబడితే తర్వాత ఆ భాగంలో ఏ సమస్య వచ్చినా వాళ్లు చెయ్యి దులుపుకుంటారు.

నా వ్యాపారానికి నష్టమైనా ఇంకో మాట. వీధిలో పెట్టే కారుకు ఒక మంచి గేర్ లాకో, బయటికి కనిపించే స్టీరింగ్ లాకో జీపీఎస్ కంటే ముందు కొనాలి. దొంగకు కావాల్సింది తొందర. లాక్ కనిపిస్తే పక్క కారు దగ్గరికి పోతాడు. కీలెస్ కారు అయితే తాళంచెవిని ఇంటి తలుపు పక్కన మేకుకు తగిలించకండి. దాని సిగ్నల్‌ను బయటి నుంచి పొడిగించి తలుపు తెరిచే పరికరాలున్నాయి. మూతున్న స్టీలు డబ్బాలో వేసి లోపలి గదిలో పెట్టండి.

ఇప్పుడు ఫోన్ మోగిందనుకోండి. కారు నిజంగా పోయిందా అని ముందు చూడండి. ఈఎంఐలు బాకీ ఉంటే ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేశారేమో, పగలైతే ట్రాఫిక్ వాళ్లు టోయింగ్ చేశారేమో, ఇంట్లో రెండో తాళంచెవి తీసుకుని తమ్ముడు వెళ్లాడేమో. ఇవన్నీ ఐదు నిమిషాల పని. కాదని తేలగానే 112కు ఫోన్ చేయండి. కారు కదులుతోంది, నా దగ్గర లైవ్ లొకేషన్ ఉంది అని మొదటి వాక్యంలోనే చెప్పండి. పోయిన కారుకూ, ఇప్పుడు పోతున్న కారుకూ స్పందనలో తేడా ఉంటుంది. చాలా యాప్‌లలో కొన్ని గంటలపాటు పనిచేసే లైవ్ లింక్ తయారుచేసుకోవచ్చు, పాస్‌వర్డ్ ఇవ్వనవసరం లేకుండా దాన్ని పోలీసులకు వాట్సాప్ చేయండి. ఆ లింక్ ఎలా తీయాలో ఈరోజే ఒకసారి నొక్కి చూసుకోండి. మీరొక్కరే బైక్ వేసుకుని చుక్క వెంట పోవద్దు. వాళ్లు కారును గమనిస్తూ ఉంటారని పైన రాశాను, గుర్తుంది కదా.

మా పరిధి కాదు అని స్టేషన్‌లో అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఎలక్ట్రానిక్‌గా పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. దొంగతనానికి సెక్షన్ భారతీయ న్యాయ సంహిత 303. ఫిర్యాదులో ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్, ఫాస్టాగ్ ఏ బ్యాంకుదో తప్పకుండా రాయండి.

ఫాస్టాగ్‌ను చాలామంది భయపడి వెంటనే బ్లాక్ చేయిస్తారు. దర్యాప్తు అధికారిని అడక్కుండా ఆ పని చేయకండి. దొంగ దాన్ని పీకడం మర్చిపోతే విజయవాడ వైపు పంతంగి దగ్గరో, బెంగళూరు వైపు రాయికల్ దగ్గరో, ఔటర్ రింగ్ రోడ్డు దిగేచోటో మీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఏ టోల్, ఎన్ని గంటలకు అన్నది అందులోనే ఉంటుంది. ఆ సమయానికి ఆ లేన్ కెమెరా చూస్తే చాలు. ఖాతాలో బ్యాలెన్స్ ఉంచుకోండి, ఫాస్టాగ్‌కు ఇచ్చిన మొబైల్ నంబర్ ఇప్పుడు వాడుతున్నదేనా అని చూసుకోండి.

ఇన్సూరెన్స్‌కు అదే రోజు కబురు చేయండి. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే దొంగతనానికి పైసా రాదు, కాంప్రహెన్సివ్ ఉండాలి. వచ్చేది ఐడీవీ, అంటే పాలసీలో రాసిన కారు విలువ, మీరు కారు కొన్న ధర కాదు. రిటర్న్ టు ఇన్వాయిస్ యాడ్ ఆన్ ఉంటేనే ఆ తేడా పూడుతుంది. లోన్ ఉంటే డబ్బు ముందు బ్యాంకుకు పోతుంది, ఈలోగా ఈఎంఐ ఆపడానికి లేదు. కంపెనీవాళ్లు రెండు తాళంచెవులూ అడుగుతారు. ఒకటి ఎప్పుడో పోయి ఉంటే, అది కారులోనే వదిలేశారన్న వాదన మొదలవుతుంది. అందుకే తాళంచెవి పోయిన రోజే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకోండి. ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టి, కంపెనీకి చెప్పడంలో మాత్రం ఆలస్యమైతే, ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది మీ రక్షణకు, బద్ధకానికి కాదు. కారు దొరకలేదని పోలీసులు కోర్టుకు తుది నివేదిక ఇచ్చేదాకా క్లెయిమ్ తేలదు, దానికి నెలలు పట్టవచ్చు. జీపీఎస్ పెడితే ప్రీమియం బాగా తగ్గుతుందని సేల్స్‌మన్ చెబితే నమ్మకండి. వాహనాలను పరీక్షించే ఆరాయ్ సంస్థ ఆమోదించిన యాంటీ థెఫ్ట్ పరికరమై, ఆటోమొబైల్ అసోసియేషన్ సర్టిఫికెట్ ఉంటే, ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (మీ సొంత కారు నష్టానికి కట్టే భాగంలో) తగ్గేది రెండున్నర శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు. సొంత కారుకు అంతే.

కారును సెల్ఫ్ డ్రైవ్‌కు అద్దెకు ఇచ్చే ఆలోచన ఉంటే ఈ లెక్కంతా మారుతుంది. అద్దెకు తీసుకున్నవాడు దాన్ని ఎక్కడో తాకట్టు పెట్టి మాయమవడం మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలైపోయింది. తాళంచెవి మీరే ఇచ్చారు కాబట్టి అది దొంగతనం కాదు, నమ్మకద్రోహం కింద, న్యాయ సంహిత 316వ సెక్షన్‌లోకి వెళ్తుంది. పైగా ప్రైవేట్ కారును అద్దెకు తిప్పారని ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. అలాంటి కారుకు జీపీఎస్ ఉన్నా దొరికేది తాకట్టు పట్టుకున్నవాడి ఇంటి ముందు, వాడు డబ్బులు అడుగుతూ ఉంటాడు.

దొరికిన కారు కూడా నేరుగా ఇంటికి రాదు. అది కేసులో సాక్ష్యం, స్టేషన్ ఆవరణలో ఉంటుంది. లాయర్‌తో మేజిస్ట్రేట్ కోర్టులో మధ్యంతర కస్టడీకి పిటిషన్ వేయించాలి. వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఎండకు వానకు వదిలేయొద్దని, ఫొటోలు తీసుకుని, పూచీకత్తు తీసుకుని ఓనర్‌కు ఇచ్చేయాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. పిటిషన్‌లో ఆ తీర్పును ప్రస్తావించమనండి. ఇన్సూరెన్స్ డబ్బు ఇంకా తీసుకోకపోతేనే కారు మీది, తీసుకుని ఉంటే కంపెనీది. ఇంటికి తెచ్చాక మొదట షోరూమ్‌కు తీసుకెళ్లి, కారు జ్ఞాపకంలో ఉన్న తాళంచెవులన్నీ తుడిపించి మీ రెండింటినే మళ్లీ ఎక్కించుకోండి. దొంగ చేయించుకున్న మూడో తాళంచెవి వాడి దగ్గరో, వాడి స్నేహితుడి దగ్గరో ఇంకా ఉండే ఉంటుంది.